రాబర్ట్ అని పలకలేని పిల్లాడు

'ర' నోరు తిరగక బడి మానేసిన ఓ కమ్మరి కొడుకు, తన కాలంలో లండన్ అంతా కదిలి వచ్చి వినే ఉపన్యాసకుడిగా ఎదిగిన యథార్థ గాథ

1790ల చివరి మాట. లండన్‌లో ఓ మామూలు బడి. అన్నదమ్ములిద్దరూ అందులోనే చదువుతున్నారు. అన్న పేరు రాబర్ట్, తమ్ముడి పేరు మైకేల్. మైకేల్‌కి 'ర' పలకదు. అన్నని పిలవబోతే 'వాబర్ట్' అని వస్తుంది. పంతులమ్మ దిద్దింది, గద్దించింది. అయినా వాడి నోట అదే మాట.

ఓ రోజు ఆవిడకి కోపం నషాళానికంటింది. రాబర్ట్‌ని పిలిచి చేతిలో అరపెన్నీ నాణెం పెట్టి, బెత్తం కొనుక్కు రమ్మంది. తమ్ముణ్ణి అందరి ముందూ కొట్టడానికి బెత్తం అన్నే తేవాలి!

రాబర్ట్ బయటికొచ్చాడు. ఆ నాణేన్ని గోడ అవతలికి విసిరికొట్టి, తిన్నగా ఇంటికి పరిగెత్తి అమ్మకి చెప్పేశాడు. తల్లి మార్గరెట్ ఉన్నపళంగా బడికి వచ్చి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ బడి గడప తొక్కనివ్వలేదు.

ఆ కుటుంబం గురించి చెప్పుకునే కథ ఇది. నలుగురి ముందు నోరు విప్పితే దెబ్బలు తప్పవని తెలుసుకున్న ఆ చిన్నవాడే మైకేల్ ఫారడే. మన పిల్లలు భౌతికశాస్త్రంలో చదువుకునే విద్యుదయస్కాంత ప్రేరణ నియమం ఆయన పేరు మీదే ఉంది. ఆయన శాస్త్రవేత్త అని అందరికీ తెలుసు. సభను ఓ గంటసేపు కదలనివ్వకుండా కూర్చోబెట్టగలిగే వక్త అని, ఆ విద్యను పైసా పైసా కూడబెట్టినట్టు సంపాదించుకున్నాడని తెలిసినవాళ్లు తక్కువ.

గడియారం పైన సీటు

తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. ఒంట్లో బాగుండక పని సరిగా సాగేది కాదు. ధరలు మండిపోయిన 1801లో మైకేల్‌కి వారానికి ఒక్క రొట్టె ఇచ్చి సరిపెట్టుకోమన్నారు. పదమూడో ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర కుదిరి ఇంటింటికీ పత్రికలు వేశాడు. మరుసటి ఏడు అదే షాపులో ఏడేళ్ల ఒప్పందం మీద బైండింగ్ పని నేర్చుకోవడానికి చేరాడు. పగలు కుట్టిన పుస్తకాల్నే పని అయ్యాక చదివేవాడు.

చదువుతుంటే వినాలనిపించింది. జాన్ టేటమ్ అనే ఆయన తన ఇంట్లో సాయంత్రాలు విజ్ఞాన శాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చేవాడు. ఒక్కోదానికి ఒక షిల్లింగ్ రుసుం. మైకేల్ దగ్గర అంత డబ్బెక్కడిది? అప్పటికి కమ్మరిపనిలో పడ్డ రాబర్ట్ ఇచ్చాడు. తమ్ముడి కోసం అరపెన్నీ విసిరేసిన చేయే షిల్లింగ్ తీసి ఇచ్చింది.

మైకేల్ అక్కడ విన్నదంతా రాసుకుని, శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, సొంతంగా బైండ్ చేసుకున్నాడు. షాపుకొచ్చే విలియమ్ డాన్స్ అనే పెద్దమనిషి ఆ పుస్తకాలు చూసి ముచ్చటపడ్డాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లు ఇచ్చాడు.

లండన్ ఆల్బెమార్ల్ స్ట్రీట్‌లోని ఆ సంస్థ 1799లో మొదలైంది. డేవీ ఉపన్యాసమంటే ఆ వీధి నిండా గుర్రబ్బళ్లే. లోపల అర్ధచంద్రాకారంలో నిటారుగా పైకి లేచే వరసలు, కింద పెద్ద బల్ల, బల్ల మీద గాజు పాత్రలు, బ్యాటరీలు. 1812 ఫిబ్రవరి 29న ఇరవయ్యేళ్ల బైండింగ్ కుర్రాడు గ్యాలరీలో, గడియారానికి సరిగ్గా పైన ఉన్న సీట్లో కూర్చున్నాడు. ఏప్రిల్ దాకా మొత్తం నాలుగు ఉపన్యాసాలు విన్నాడు.

విన్నవాటికి మూడొందల పైచిలుకు పేజీల పుస్తకం తయారైంది. ఆ డిసెంబరులో దాన్ని డేవీకి పంపి, మీ దగ్గర ఏదైనా పని ఇప్పించండని అడిగాడు. కొన్ని వారాలకే ప్రయోగశాలలో ఓ సహాయకుడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చిలో ఆ ఖాళీ మైకేల్‌కి దక్కింది. వారానికి 25 షిల్లింగ్‌లు, పై అంతస్తులో రెండు గదులు, వాడుకోవడానికి బొగ్గు, కొవ్వొత్తులు.

బల్ల పక్కన నిలబడి చూసినవి

సహాయకుడి పని వక్త పక్కన నిలబడి సామాను అందించడం. ఆ చోటు నుంచి రెండు వైపులా కనిపిస్తాయి. మాట్లాడేవాడి చేతులూ కనిపిస్తాయి, వినేవాళ్ల మొహాలూ కనిపిస్తాయి. ఎక్కడ వాళ్లు ముందుకు వంగుతున్నారు, ఎక్కడ ఆవులిస్తున్నారు, ఎక్కడ పక్కవాడితో గుసగుసలాడుతున్నారు, అన్నీ ఫారడే కంటపడ్డాయి.

ఆ జూన్‌లో స్నేహితుడు బెంజమిన్ అబాట్‌కి వరసగా ఉత్తరాలు రాశాడు. విషయం ఒక్కటే: ఉపన్యాసం ఎలా ఉండాలి? అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి. వేదికెక్కి ఒక్క ఉపన్యాసమూ ఇచ్చింది లేదు. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఉత్తరాల్లో కొట్టిపారేయదగ్గ మాట దాదాపు కనిపించదు.

మొదట ఆయన పట్టించుకున్నది గాలి. హాల్లో గాలి ఆడకపోతే ఎంత గొప్ప విషయమైనా తలకెక్కదన్నాడు. తర్వాత వక్త నిలబడే తీరు. బల్లకి అతుక్కుపోయినట్టు బిగుసుకుపోకూడదు, అలాగని అటూ ఇటూ పరుగులు పెట్టకూడదు. కదలికలో తొందర ఉండకూడదు, సహజంగా ఉండాలి. వీలైనంతవరకు సభకు వీపు చూపించకూడదు. వాళ్ల ఎదుట ఉన్నానన్న సంగతి ఒక్క క్షణం కూడా మరచిపోకూడదు. ఏదైనా చిన్న అపశ్రుతి దొర్లినా కంగారుపడకూడదు. తన శక్తినంతా వాళ్ల కోసమే పెడుతున్నాడని వాళ్లకి నమ్మకం కలగాలి.

మాట నిదానంగా రావాలి. చెప్పదలచింది ముందే రాసుకోవచ్చు, కాని కాగితం చూసి చదవడం ఆయనకు నచ్చదు. మొదట్లోనే ఆసక్తి రగిలించాలి, చివరిదాకా దాన్ని ఆరనివ్వకూడదు. గంట దాటకూడదు. అవసరం లేకుండా క్షమాపణలు చెప్పుకోకూడదు. ప్రయోగం ఎంత మెరుపులు మెరిపించినా విషయంతో సంబంధం లేకపోతే దాని జోలికి పోకూడదు. అన్నిటికంటే గట్టిగా అన్న మాట ఒకటుంది. చప్పట్ల కోసం గాలం వేసే వక్త తన స్థాయిని తానే దిగజార్చుకుంటాడట.

ఈ సలహాలన్నిటికీ మూలం ఒక్కటే. ఫారడే దృష్టి 'నేను ఎలా కనిపిస్తున్నాను' అన్నదాని మీద లేదు. 'వాళ్లకి ఎలా అందుతోంది' అన్నదాని మీద ఉంది. సభాకంపంతో గొంతు తడారిపోయే మనిషి ఆలోచన ఎప్పుడూ తన చుట్టూనే తిరుగుతుంటుంది. నన్ను చూస్తున్నారు, నా చేతులు వణుకుతున్నాయి, నేను తప్పు చెబితే ఎలా? ఆ చూపును ఎదుటివాళ్ల వైపు తిప్పితే సగం వణుకు దానంతటదే తగ్గుతుంది. ఫారడే ఈ సంగతిని వేదిక ఎక్కకముందే పట్టుకున్నాడు.

తెలియడం వేరు, చేయడం వేరు

1816 జనవరి 17. టేటమ్ ఇంట్లోనే నడిచే సిటీ ఫిలసాఫికల్ సొసైటీలో ఫారడే మొదటి ఉపన్యాసం. పదార్థ సాధారణ ధర్మాలు విషయం. వినేవాళ్లలో చాలామంది తనలాంటి చిరుద్యోగులే, తెలిసిన మొహాలే. అయినా మొత్తం ముందే అక్షరం పొల్లుపోకుండా రాసుకుని వచ్చాడు. కాగితం చూసి చదవకూడదని అబాట్‌కి రాసిన మనిషి, తన వంతు వచ్చేసరికి రాసుకొచ్చిన దాన్నే చదివి వినిపించాడు.

అక్కడితో ఆగిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. నాకు మాట్లాడటం రాదు, పరిశోధన చేసుకుంటాను చాలు అనుకుని ఉంటే ఆయన్ని తప్పుపట్టేవాళ్లూ లేరు. ఫారడే అలా అనుకోలేదు. మాట్లాడటం కూడా చేతిపనేనని, గురువుల దగ్గర నేర్చుకోవాల్సిందేనని నమ్మాడు. ఏడేళ్లు పుస్తకాలు కుట్టిన చేతికి పని ఎలా వస్తుందో బాగా తెలుసు. చేయాలి, చూపించుకోవాలి, దిద్దించుకోవాలి.

సొసైటీలోని అరడజను మంది మిత్రులు అప్పటికే ఓ జట్టుగా ఏర్పడి ఉన్నారు. సాయంత్రం ఒకచోట చేరి వంతులవారీగా చదవడం, ఒకరి ఉచ్చారణ ఒకరు సరిదిద్దడం, వాక్యం ఎక్కడ తడబడిందో మొహమాటం లేకుండా చెప్పడం. ఎవరూ నొచ్చుకోకూడదు. ఆ జట్టులో ఎడ్వర్డ్ మగ్రాత్ అనే మిత్రుడున్నాడు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి.

1818లో ఫారడే బెంజమిన్ స్మార్ట్ అనే ఆయన వక్తృత్వ పాఠాలకి వెళ్లాడు. వాటికీ డేవీ ఉపన్యాసాలకి రాసుకున్నట్టే పేజీలకి పేజీలు నోట్స్ రాసుకున్నాడు. తన కోసం కొన్ని నియమాలూ పెట్టుకున్నాడు. ఒకసారి అన్న మాటను తిరిగి అనకూడదు. వాక్యం మధ్యలో వెనక్కి వెళ్లి సవరించుకోకూడదు. మాట తట్టకపోతే 'ఆ... ఆ...' అంటూ నీళ్లు నమలకూడదు, నోరు మూసుకుని ఆ మాట వచ్చేదాకా ఆగాలి, అది తొందరలోనే వస్తుంది.

చివరి నియమం అన్నిటికంటే కష్టమైనది. ఎదుటివాడు ఇది తప్పు అని చూపిస్తే, ఆ దిద్దుబాటును ఎన్నడూ శంకించకూడదు.

'స్లో' అని రాసిన అట్టముక్క

1825లో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలకి డైరెక్టర్ అయ్యాడు. ఆ రోజుల్లోనే అక్కడ రెండు సంప్రదాయాలు మొదలయ్యాయి. ఒకటి, సభ్యులూ వాళ్ల అతిథులూ వినే శుక్రవారం రాత్రి ఉపన్యాసాలు. రెండోది, పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు. రెండూ ఈనాటికీ నడుస్తున్నాయి.

1827లో, ఒకప్పుడు గడియారం పైన కూర్చుని డేవీని విన్న ఆ హాల్లోనే ఫారడే సొంతంగా ఓ ఉపన్యాస మాలిక మొదలుపెట్టాడు. ఇప్పుడాయన బల్ల దగ్గరికి వెళ్లి చూద్దాం.

బల్ల మీద ప్రయోగ సామగ్రి వాడుకునే వరసలో అమర్చి ఉంది. వాటి మధ్య ఆయన కళ్లకి ఎదురుగా ఓ అట్టముక్క నిలబెట్టి ఉంది. దాని మీద కొట్టొచ్చినట్టు కనిపించే అక్షరాలతో ఒకే ఒక్క మాట: 'స్లో'. నిదానం. ఫారడేకి విషయం మీద మోజు. మోజు ముదిరితే మాట వేగం అందుకునేది. ఆ జోరుకి ఆ అట్టముక్క పగ్గం.

మాటల ఉరవడిలో దాన్నీ చూడటం మానేస్తే? దానికీ ఏర్పాటుంది. పక్కన చార్లెస్ ఆండర్సన్ ఉన్నాడు. ఆర్టిలరీలో సార్జెంట్‌గా చేసి వచ్చిన మనిషి. ఓసారి సాయంత్రం ఇంటికి వెళ్లమని చెప్పడం మరచిపోతే తెల్లారేదాకా కొలిమి దగ్గరే ఉండి మంట ఆరకుండా చూశాడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఫారడే వేగం హద్దు దాటిందనిపిస్తే ఆండర్సన్ ఆ అట్టముక్కని తీసుకొచ్చి మళ్లీ ఎదురుగా పెట్టాలి. గంట కావస్తుంటే 'టైమ్' అని రాసిన ఇంకో అట్ట ముందుకు రావాలి. ఇవి ఫారడే ఇచ్చిన ఆదేశాలే. తన సహాయకుడు సభ మధ్యలో తనను ఆపవచ్చునని ఆయనే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు లెక్క.

ఇక శ్రోతల్లోకి చూడండి. మగ్రాత్ కూర్చుని ఉన్నాడు. ఆయన రసాయనశాస్త్రం నేర్చుకోవడానికి రాలేదు. చేతిలో కాగితం ఉంది. ఫారడే ఏ మాట తప్పు పలికాడు, ఎక్కడ తడబడ్డాడు, వాటిని రాసుకోవడం ఒక్కటే ఆయన పని. ఉపన్యాసం అయ్యాక జాబితా ఫారడే చేతికి వస్తుంది. ఆయన మేనకోడలు చెప్పిన దాన్నిబట్టి, ఆ జాబితాను ఎప్పుడూ కృతజ్ఞతతోనే అందుకునేవాడు. అందులోని ప్రతిదీ పాటించకపోయినా, ఇంకా చెప్పు, మొహమాటపడకు అని మగ్రాత్‌ని ప్రోత్సహించేవాడు.

చిన్నప్పుడు ఒక అక్షరం పలకలేదని బెత్తం చూపించారు. పెద్దయ్యాక పలకలేని మాటలన్నీ పట్టుకోమని తనే ఓ మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. దిద్దుబాటు అంటే శిక్ష అని మనలో చాలామందికి బళ్లోనే ముద్ర పడిపోతుంది. ఆ ముద్ర చెరుపుకోవడమే ఫారడే సాధించిన అసలు గెలుపు.

రాయి పడుతుందని చెప్పకు, పడెయ్

సభకు ఏమేం తెలిసి ఉంటుందని అనుకోవచ్చు? ఓ కుర్ర ఉపన్యాసకుడికి ఫారడే ఇచ్చిన సలహా ఇది: ఏదీ తెలుసని అనుకోకు. చేయి తెరిస్తే రాయి కింద పడుతుందని నోటితో చెప్పినా, చేయి తెరిచి రాయిని పడనియ్యి. చెవికి చెప్పేటప్పుడు కంటికీ చూపించు.

ఆయన సభల్లో ఈ మాట అక్షరాలా జరిగేది. అయస్కాంత శక్తి గురించి చెబుతున్నాడు. ఎదురుగా పెద్ద విద్యుదయస్కాంతం. కరెంటు పారుతోంది. ఫారడే పొయ్యి దగ్గరి బొగ్గుల బకెట్‌ని బొగ్గులతో సహా ఎత్తి దాని మీదికి విసిరాడు. ఆ వెనకే ఇనుప చువ్వ, పట్టుకారు. అన్నీ వెళ్లి దానికి అతుక్కుని ఉండిపోయాయి. హాలంతా నవ్వులూ కేకలూ. ఆ తర్వాత అయస్కాంత బలం గురించి ఏం చెప్పినా మరచిపోయేవాళ్లుంటారా?

ఇది చప్పట్ల కోసం వేసిన గాలం కాదు. విషయం నుంచి పుట్టిన విన్యాసం. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో అబాట్‌కి రాసిన గీత ఆయన దాటలేదు.

1855 డిసెంబరు 27న, లోహాల ధర్మాల మీద క్రిస్మస్ ఉపన్యాసం. ముందు వరసలో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్, ఆయన కొడుకులు. ఆ దృశ్యాన్ని అలెగ్జాండర్ బ్లేక్లీ చిత్రంగా గీశాడు. రాజకుమారులు కూర్చుని వింటున్నది కమ్మరి కొడుకు మాటల్ని.

మేధావికి నోరు రాకపోతే

ఆ రోజుల్లోనే లండన్‌లో ఇంకో మేధావి ఉన్నాడు, చార్లెస్ వీట్‌స్టోన్. ధ్వని మీద, టెలిగ్రాఫ్ మీద గొప్ప పరిశోధనలు చేశాడు. నలుగురి ముందు నిలబడాలంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. అందుకే 1828 నుంచే ఆయన పరిశోధనల్ని శుక్రవారం సభల్లో ఫారడే వివరించేవాడు.

1846 ఏప్రిల్లో ఓ శుక్రవారం రాత్రి. వీట్‌స్టోన్ తయారుచేసిన, అతి చిన్న కాల వ్యవధుల్ని కొలిచే పరికరం గురించి ఫారడే మాట్లాడాడు. చెప్పాల్సింది అయిపోయింది, ఇంకా కొంత సమయం మిగిలింది. ఆ కాస్త వ్యవధిలో, తన మనసులో నలుగుతున్న ఓ ఆలోచనను సభ ముందుంచాడు. కాంతి అంటే బల రేఖల్లో పుట్టే కంపనమేమో! ఆ ప్రసంగాన్ని తర్వాత అచ్చు వేశారు. దాదాపు ఇరవై ఏళ్లకు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ కాంతి విద్యుదయస్కాంత సిద్ధాంతాన్ని గణితంలో నిలబెట్టినప్పుడు, దాని సారం ఫారడే ఆలోచనేనని ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి వీట్‌స్టోన్ మెట్లు దిగి పారిపోయాడని, అప్పటి నుంచి వక్తల్ని ఉపన్యాసానికి ముందు ఓ గదిలో పెట్టి తాళం వేసే ఆనవాయితీ వచ్చిందని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కథగా చెప్పుకుంటారు. పారిపోవడం మాట తర్వాత అల్లిందని చరిత్రకారులు అంటారు. కథలో నిజమెంతైనా, వీట్‌స్టోన్ బిడియం నిజం. ముందస్తు కాగితం లేకుండా ఫారడే నోట ఆ మాటలు రావడమూ నిజం. మూడు దశాబ్దాల కిందట ప్రతి అక్షరం రాసుకొచ్చి చదివిన మనిషికి ఆ ధైర్యం ఊరికే వచ్చిందా? ఎన్ని సాయంత్రాలు మిత్రులు దిద్దితే, ఎన్ని జాబితాలు మగ్రాత్ రాస్తే వచ్చింది!

సముద్రంలో మునిగిన కొవ్వొత్తి

1860 డిసెంబరు. ఫారడేకి అరవై తొమ్మిదేళ్లు. ఇరవై ఏళ్లుగా మతిమరుపు వేధిస్తోంది. అయినా పిల్లల ముందుకు వచ్చాడు. ఎంచుకున్న వస్తువు కొవ్వొత్తి. అప్పట్లో ప్రతి ఇంట్లో ఉండేదే. దాని మీద ఆరు ఉపన్యాసాలు!

బల్ల మీద రకరకాల కొవ్వొత్తులు పరిచాడు. కొవ్వులో ముంచి తీసినవి, అచ్చులో పోసినవి, తిమింగలం నూనెతో చేసినవి, జపాన్ నుంచి వచ్చినవి. వాటి మధ్య ఓ పాతబడ్డ ముక్కని చూపించాడు. 1782లో మునిగిపోయిన రాయల్ జార్జ్ అనే యుద్ధనౌక నుంచి పైకి తీసిన కొవ్వొత్తి అది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానింది. దాన్ని వెలిగిస్తే వెలిగింది.

అక్కడి నుంచి పిల్లల్ని మెట్టు మెట్టుగా తీసుకెళ్లాడు. మంట దేన్ని తింటోంది? మైనం వత్తి పైకి ఎలా ఎక్కుతోంది? ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే పొగకి కాస్త దూరంలో అగ్గి చూపిస్తే మంట గాలిలో దూకి మళ్లీ వత్తిని అందుకుంటుంది. మంట నుంచి నీరు ఎలా పుడుతోంది? చివరికి మన ఊపిరి కూడా ఒక రకం దహనమేనన్న చోటికి తీసుకొచ్చి నిలబెట్టాడు. ఇంట్లో చూసే వస్తువుతో మొదలై మనిషి ప్రాణం దాకా నడిచిన ఆ ఆరు ఉపన్యాసాల్ని విలియమ్ క్రూక్స్ పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

అవే ఆయన చివరి క్రిస్మస్ ఉపన్యాసాలు. మొత్తం పంతొమ్మిది క్రిస్మస్ మాలికలు, వందకు పైగా శుక్రవారం ఉపన్యాసాలు. 1862 జూన్ 20న గ్యాస్ కొలిముల మీద ఆఖరి శుక్రవారం ఉపన్యాసం. చెబుతుండగా నోట్స్ ప్రమాదవశాత్తు మంటకు కాలిపోయాయి. జ్ఞాపకశక్తి తగ్గిపోయిందని, ఇక సెలవని ఆ సభలోనే చెప్పాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

మీ మగ్రాత్ ఎవరు?

ఇవాళ ఇంజినీరింగ్ కాలేజీల్లో సెమినార్ అంటే చెమటలు పట్టే పిల్లలు మనకు లక్షల్లో ఉన్నారు. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఇంగ్లిష్‌లో ఒక మాట తప్పు పోతే నవ్వుతారేమోనని వెనక బెంచీలో ముడుచుకుపోయే కుర్రాళ్లున్నారు. పీపీటీ స్లైడ్ల వైపు తిరిగి, సభకు వీపు చూపించి, తెర మీద ఉన్నదే చదివేసి గండం గడిచిందనుకునే ఉద్యోగులున్నారు. వీళ్లెవరికీ తెలివి తక్కువ కాదు. తప్పు దిద్దితే పరువు పోతుందన్న భయమే వీళ్లను వెనక్కి లాగుతోంది.

ఆ భయానికి మందు ఫారడే జీవితంలో దొరుకుతుంది. రేపటి ప్రసంగానికి ఓ స్నేహితుణ్ణి తీసుకెళ్లండి. కాగితం చేతికిచ్చి కూర్చోబెట్టండి. ఎక్కడ తొందరపడ్డాను, ఏ మాట మింగేశాను, ఎన్నిసార్లు 'యాక్చువల్లీ' అన్నాను, అంతా రాయమనండి. ఆ జాబితా చేతికొచ్చాక వాదించకండి. థాంక్స్ చెప్పి, మళ్లీ వారం ఇంకోసారి రమ్మనండి. చెప్పాలనుకున్న దాంట్లో కంటికి చూపించగలిగింది ఒక్కటైనా వెతికి పట్టుకుని సభలోకి తీసుకెళ్లండి. మాట తట్టనప్పుడు నిశ్శబ్దంగా ఆగండి. అది వస్తుంది.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. నోరు తిరగని పిల్లాడు మీ ఎదుట నిలబడితే వాణ్ణి నవ్వులపాలు చేయకండి. దిద్దండి, కాని దిద్దించుకోవడమంటే వాడికి ఇష్టం పుట్టేలా దిద్దండి. ఆ ఇష్టం పుట్టిన పిల్లాడు ఏ సభలోనైనా నిలబడతాడు.